పంపు ఆగాక చదివిన నాలుగు గాథలు

డాక్టరు గారు రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు, రెండోదానికి అబద్ధం చెప్పాను. ఏం మందు కొడుతున్నాడు అన్నారు, తెలియదన్నాను. పడిపోయి ఎంతసేపైంది అన్నారు, పడగానే తీసుకొచ్చామండీ అన్నాను. ఆయన నన్ను కింద నుంచి పైదాకా ఒకసారి చూసి, చేను మీదేనా అన్నారు. దానికి మాత్రం నిజమే చెప్పాను. ఐదెకరాల పత్తి నాది, ఆ పత్తికి కొట్టే మందు పేరు నాకు తెలియదు. ఇప్పుడు లోపల మంచం మీద ఆ మందు కొట్టే మా పనివాడు ఆదాం ఉన్నాడు, బయట బల్ల మీద నేనున్నాను, బల్లకు ఆ చివర గోడకు ఆనుకుని ఆదాం భార్య ఎస్తేరమ్మ నేల మీద కూర్చుంది. బల్ల మీద కూర్చోమని రెండుసార్లు చెప్పాను, పర్లేదులేయ్యా అంది. మా బావమరిది కోటేష్ మందు డబ్బాలు తేవడానికి మోటారు సైకిల్ మీద చేలోకి వెళ్ళాడు. వినుకొండలోని ఈ ఆసుపత్రి నుంచి మా చేను తొమ్మిది కిలోమీటర్లు, అందులో ఐదు కిలోమీటర్లు గుంటలే. పోను రాను గంట పడుతుంది. ఆ డబ్బాల మీద పేరు చూస్తేగాని ఇస్తున్న సూది చాలుతుందో, ఇంకేమైనా కావాలో గట్టిగా చెప్పలేనన్నారు డాక్టరు గారు. ఆ గంట నేనిక్కడ కూర్చోవాలి.

కూర్చుంటే చేతుల వాసన వస్తోంది. ఆదాంని ఎత్తినప్పుడు వాడి చొక్కా తడి నా చేతులకంటింది, కుళాయి దగ్గర మూడుసార్లు సబ్బు పెట్టి కడిగాను, అయినా పోలేదు. రెండేళ్ళలో నా చేతికి మందు వాసన రావడం ఇదే మొదలు. రెండేళ్ళు! దాన్ని చూసుకుని ఎంత మురిసిపోయానో. ఊళ్ళో అందరి చేతులూ కార్తీకం వచ్చేసరికి మందు కంపు కొడుతుంటాయి, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే అన్నానికీ అదే వాసన, నా చేతులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి అనుకునేవాణ్ణి. తెల్లారుజామున స్నానం చేసి, పొడుగు నోటుబుక్కు తీసి, బౌద్ధ గాథలు చదివే చేతులు. ఎడమ పేజీలో పాళీ మాటలు తెలుగు అక్షరాల్లో, కుడి పేజీలో వాటి అర్థం. మొదటి పేజీలో ఐదు శీలాలు. ప్రాణం తీయడానికి దూరంగా ఉండే శిక్షణ తీసుకుంటున్నాను, అది మొదటిది. అబద్ధానికి దూరంగా ఉండే శిక్షణ తీసుకుంటున్నాను, అది నాలుగోది. ఈ పొద్దున ఆ ఐదూ చదివాను. చదివిన గంటన్నరకి డాక్టరు గారి ముందు నాలుగోదాన్ని నోటితోనే పోగొట్టాను. మొదటిదాని సంగతి, లోపల ఆదాం ఎట్లా ఉన్నాడో తెలిస్తేగాని తెలియదు.

ఇదంతా మిరపకాయల దగ్గర మొదలైంది. తొంభై ఆరులో మా మిరప టిక్కీలు, అంటే బస్తాలు, గుంటూరు యార్డులో మూడు రోజులు అమ్ముడు పోకుండా పడి ఉంటే, రాత్రుళ్ళు పడుకోవడానికి బ్రాడీపేటలో మా ఊరి కుర్రాళ్ళు అద్దెకున్న గదికి వెళ్ళాను. ఆ ఇంటి వాళ్ళు అనంతపద్మనాభం గారు, కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరైన ఆయన, తాత ముత్తాతలు గుళ్ళో అర్చకులు. తెల్లారి లేచేసరికి కింద వసారాలో ఆయన గొంతు. మిరప ఘాటుకి మూడు రోజుల నుంచీ మండుతున్న నా గొంతులోకి మంచినీళ్ళు దిగినట్టుంది. మంత్రాలు నాకు కొత్త కాదు, కానీ ఇందులో ఎవరినీ ఏమీ అడుగుతున్నట్టు లేదు. అదే అడిగాను, ఏమండీ ఇందులో దేవుణ్ణి ఏం కోరుతున్నారు అని. ఆయన నవ్వారు. "కోరడానికి అవతల ఎవరూ లేరు నాయనా. నాకు నేనే చెప్పుకుంటున్నా," అన్నారు. ఆ మాట నన్ను పట్టుకుంది. అప్పటి నుంచి నెలకో ఆదివారం బస్సెక్కి వెళ్ళి ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. నేను పలికిన మాట తప్పైతే ఆయన దిద్దేవారు కాదు, మళ్ళీ తనే మెల్లగా చదివేవారు. ఒకసారి నా కుడి పేజీ చూసి, అర్థం బాగానే రాసుకున్నావు త్రినాథ్, కానీ చదివింది ఏదో ఒక రోజు నీకు అడ్డం పడాలి, ఇంకా పడలేదంటే నువ్వు చదవలేదన్నమాట అన్నారు. నాకు కోపం వచ్చింది. అన్నీ అప్పజెప్పగలను, మాంసం మానేశాను, ఇంకేం అడ్డం పడాలి? బస్సులో చిలకలూరిపేట దాకా ఆ కోపం తగ్గలేదు.

ఇంట్లో నాగజ్యోతి అప్పుడే చెప్పింది, నేను వినలేదుగాని. నా పెళ్ళాం నోటికి జడిసి ఊళ్ళో సగం మంది మా వాకిట్లోకి రారు. నేను శీలాలు తీసుకున్న కొత్తలో ఇంట్లో దోమలు. చంపనంటాను. దోమల చుట్ట వెలిగించనంటాను. రెండు రోజులు ఓపిక పట్టి మూడో రోజు మెల్లగా, జ్యోతీ, నువ్వు వెలిగించరాదా అన్నాను. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "ఓహో, పుణ్యం నీకూ, పాపం నాకూనా? వాటా బాగానే ఏసుకున్నావయ్యో," అంది. మా అమ్మ బసవమ్మ పక్కనే కార్తీక దీపాలకు వత్తులు చేసుకుంటూ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, ఆ రాత్రి హాయిగా పడుకున్నాను, చుట్ట ఆమే వెలిగించింది. నాకు ఇప్పుడు ఈ బల్ల మీద ఆ నవ్వు గుర్తొస్తే ఒళ్ళు మండిపోతోంది.

ఎందుకంటే చేలోనూ అదే చేశాను. పత్తికి పచ్చపురుగు పట్టాక దాన్ని ఏరించి తీయించడం ఐదెకరాల్లో అయ్యే పని కాదు. మందు కొట్టాలి, లేకపోతే పూత, పిందె, కాయ, అన్నీ బోలైపోతాయి. పోయినేడాది మొదటిసారి ఆ పరిస్థితి వచ్చినప్పుడు ఒక రాత్రంతా ఆలోచించి, చాలా తెలివిగా, ఆదాంని పిలిచాను. చిన్నప్పటి నుంచీ మా చేలో పని చేసినవాడు, నా ఈడువాడు. "ఒరేయ్ ఆదాం, ఈ మందు సంగతి నువ్వే చూసుకోరా. కొట్లో వాడు ఏదిస్తే అది నువ్వే తెచ్చుకో, నువ్వే కలుపుకో, నువ్వే కొట్టు. నేను డబ్బాలు ముట్టుకోను, చూడను. వాటి పేర్లు కూడా నాకు చెప్పొద్దు." వాడు తల గోక్కుని, అట్టాగేనయ్యా అన్నాడు. వాడికి చదువు రాదు. డబ్బా మీద పుర్రె బొమ్మ తప్ప వాడు చదవగలిగింది ఏమీ లేదు. చదవడం వచ్చిన నేను చూడకుండా, చూసేవాడికి చదవడం రాకుండా, రెండు సీజన్లు నడిపాను. దీన్ని నేను శీలం అనుకున్నాను. ఊళ్ళో ఎవరైనా చంపుతారు, డబ్బా తీసి కలిపి కొట్టి చంపుతారు, ఇట్లా కళ్ళు మూసుకుని మనిషి చేత చంపించే ఉపాయం పుస్తకం చదివిన నాకే తట్టింది.

నర్సు ఒక్కసారి బయటికొచ్చి, డబ్బాలు వచ్చాయా అని అడిగి లోపలికి పోయింది. తలుపు తెరుచుకున్నంతసేపూ ఆదాం పాదాలు కనిపించాయి, మడమలకు నల్లరేగడి ఎండి ఉంది. ఎస్తేరమ్మ మెడ సాచి చూసి మళ్ళీ గోడకు ఆనింది. కిటికీలోంచి వినుకొండ కొండ సగం కనిపిస్తోంది, దాని మీద ఎండ. పదకొండు కావస్తోంది. నిన్నటితో కలిపి కొట్టింది మూడెకరాలు, ఇంకా రెండెకరాలు మిగిలాయి, ఈ ఎండకి పురుగు ఆకు కిందికి పోతుంది... ఛీ. లోపల మనిషి ప్రాణం మీదికి వస్తే రెండెకరాలు గుర్తొస్తున్నాయి. కనిపించేవీ కనిపించనివీ, దగ్గర్లో ఉన్నవీ దూరాన ఉన్నవీ, ప్రాణమున్నవన్నీ సుఖంగా ఉండాలని రోజూ చదివే నోరు నాది. దగ్గర్లో ఉన్నది అంటే ఎంత దగ్గర? పొద్దున ఆదాం నాకు నలభై బారల దూరంలో ఉన్నాడు.

పొద్దున్నే గట్టు మీద తుమ్మచెట్టు కింద కూర్చున్నాను. మందు కొట్టే రోజు అక్కడే చదువుకుంటాను, చేలో ఉన్నట్టూ ఉంటుంది, మందు జోలికి పోనట్టూ ఉంటుంది. ఆదాం పంపు వీపున తగిలించుకుని ఇంజను తాడు లాగాడు. ఆ ఇంజను రొద భరించలేం. రొద మీదుగా నా గొంతు నాకు వినిపించాలని గట్టిగా చదువుతాను. ఐదు శీలాలు అయ్యాయి, మైత్రి గాథలు మొదలెట్టాను, సగం అయ్యాయి, ఇంజను ఆగింది. మందు అయిపోతే నింపుకోవడానికి ఆపుతాడు, అది మామూలే. చెవుల్లో ఒక్కసారిగా చల్లగా అనిపించింది. ఆహా, ఇవాళ ఎంత ప్రశాంతంగా ఉంది అనుకున్నాను. గొంతు తగ్గించి, అనంతపద్మనాభం గారు చదివినట్టే, ఒక్కో మాటా విడదీసి, ఒక గాథ చదివాను. నింపుకోవడానికి ఆ ఒక్క గాథ చాలు. రెండోది మొదలెట్టేసరికి ఇంజను మళ్ళీ రావాలి. రాలేదు. నాకు తెలిసింది. డాక్టరు గారికి చెప్పలేదుగాని, నాకు రెండో గాథ దగ్గరే తెలిసింది, ఏదో తేడాగా ఉందని. కళ్ళు తెరవాలనిపించింది. తెరిస్తే డబ్బాలు కనిపిస్తాయి, మధ్యలో ఆపితే చదవడం చెడిపోతుంది. బీడీ కాల్చుకుంటున్నాడేమోలే అనుకున్నాను. మూడోది చదివాను. నాలుగోది చదివాను. చివర్లో చెప్పాల్సిన మాట కూడా మూడుసార్లు చెప్పి, చేతులు జోడించి, అప్పుడు కళ్ళు తెరిచాను. సాళ్ళ మధ్య ఆదాం కనిపించలేదు. నిలువునా ఉన్న పత్తిలో ఒకచోట మొక్కలు పక్కకు ఒరిగి ఉన్నాయి. వాడు పంపుతో సహా బోర్లా పడి ఉన్నాడు, నోటి నుంచి నురగ, ఒళ్ళంతా చెమట, కండలు వాటంతట అవే అదురుతున్నాయి. పావుగంట. ఎంత తగ్గించి లెక్కేసుకున్నా పావుగంట. నా అరుపులకి పక్క చేలోంచి కోటేష్ వచ్చాడు, మిరపలో కలుపు తీస్తున్న ఎస్తేరమ్మ పరిగెత్తుకొచ్చింది, రోడ్డు మీద ఆటో దొరికింది. ఆటోలో ఆమె ఒళ్ళో వాడి తల. నేను ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నాను. వెనక్కి తిరిగి చూడలేదు.

"అయ్యా," అంది ఎస్తేరమ్మ.

ఉలిక్కిపడ్డాను. కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగి కూర్చుంది.

"మీరేదో చదువుతారంటగా రోజూ. ఆయన పేరు మీద ఒకసారి చదవండయ్యా. నేను మా పెబువుకి చెప్పుకున్నా. మీరు కూడా చదివితే మంచిది."

నోరు తెరిచాను. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పే గాథలు, మొదటి అక్షరం కూడా రాలేదు. నేను అర్హుణ్ణి కాదని చెప్పాలో, గుర్తు రావడం లేదని చెప్పాలో తెలియక, ఇంకేదో అన్నాను.

"ఈ మందు పని నేను వాడి నెత్తిన పెట్టాను ఎస్తేరమ్మా. నేను చంపకూడదని వాడి చేత చేయించాను."

"తెలుసయ్యా," అంది ఆమె, అదేం పెద్ద విషయమన్నట్టు. "పోయినేడే చెప్పాడు ఆయన. నేనే అన్నా, ఆయనకి పాపమైంది నీకు కాదా, నువ్వు మనిషివి కాదా అని. దానికి ఏమన్నాడో తెలుసా? ఒసేవ్, మన ఏసయ్యనైతే రాత్రికి మోకాళ్ళేసి అడిగితే క్షమిస్తాడు. పాపం, అయ్యగారు చదివేదాంట్లో క్షమించడానికి అవతల ఎవరూ లేరంట. ఆయనకి అంటుకుంటే ఎట్టా పోద్ది? నాకైతే ఆదివారానికి పోద్దిలే అన్నాడు."

నేను ఆదాంకి ఆ మాట ఎప్పుడు చెప్పానో గుర్తుకొచ్చింది. గొర్రు తోలుతూ, గొప్పగా చెప్పాను, మాకు క్షమించే దేవుడు లేడురా, ఎవడిది వాడే మోయాలి అని. నేను గొప్పకి చెప్పాను, వాడు దాన్ని అర్థం చేసుకున్నాడు. అర్థం చేసుకుని నాది వాడు మోశాడు. రోజూ పొద్దున నేను ప్రాణులన్నిటి మీదా దయ ఒలకబోస్తూ చదువుతున్నప్పుడు, నా మీద జాలిపడి ఒకడు వీపున పంపు మోస్తూ సాళ్ళలో నడుస్తున్నాడు. ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా సిగ్గేసింది, ఆమె ఏడవకుండా కూర్చుని ఉంటే. అడ్డం పడాలి అన్నారు అనంతపద్మనాభం గారు. ఇదిగో పడింది, పత్తిసాళ్ళలో బోర్లా పడింది, నేను కళ్ళు మూసుకుని నాలుగు గాథలు దాటుకుంటూ పోయాను.

బయట మోటారు సైకిల్ ఆగింది. కోటేష్ గోనెసంచి పట్టుకుని మెట్లెక్కుతూ, "బావా, రెండు రకాలు కలిపినట్టున్నాడు. నాలుగు డబ్బాలున్నాయి గట్టు కింద. నువ్వు ముట్టుకోవుగా, నేనే లోపలికి తీసుకెళ్తా," అన్నాడు. వాడిది ఎగతాళి కాదు. ఇంట్లో అందరికీ అలవాటైపోయింది, త్రినాథ్ ముట్టుకోడు, త్రినాథ్ చూడడు. నేను లేచి సంచి లాక్కున్నాను. లాక్కున్నాననే అనాలి, వాడు బిత్తరపోయాడు. డబ్బాలు తీసి చేత్తో పట్టుకుని తలుపు తోసుకుని వెళ్ళాను. డాక్టరు గారు ఆదాం కంటి రెప్పలు విప్పి టార్చి వేసి చూస్తున్నారు, తల ఎత్తకుండానే, చదవండి, పేరూ, కింద ఎంత శాతం అని ఉంటుంది అదీ, గట్టిగా చదవండి అన్నారు. చదివాను. అంటిన మట్టిని బొటనవేలితో తుడిచి, నోరు తిరగని ఆ పేరుని ముక్కలు ముక్కలుగా విడదీసి చదివాను, రెండో డబ్బా చదివాను, కింద చీమ తలకాయంత అక్షరాల్లో డాక్టర్ల కోసం రాసిన విరుగుడు కూడా చదివాను. మూతికి గుడ్డ కట్టుకోవాలనీ, గాలివాటం చూసుకోవాలనీ కూడా అక్కడే తెలుగులో రాసి ఉంది. నాకెవరూ చదివి వినిపించమని చెప్పలేదు, ఆదాంకి ఎవరూ చదివి వినిపించలేదు. అయిపోయాక, డాక్టరు గారూ ఇందాక మీకు అబద్ధం చెప్పాను, వాడు పడిపోయి పావుగంట దాకా నేను చూడలేదు అన్నాను. ఆయన నా మొహం వైపు కూడా చూడలేదు. ఆ మాట అప్పుడే చెప్పాల్సింది అని నర్సుకి ఇంకో సూది తీయమన్నారు. నన్ను బయటికి పొమ్మన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చి ఈసారి నేల మీదే కూర్చున్నాను. రేపు పొద్దున శీలాలు చదువుతానా మానతానా అని ఆలోచించాను. చదవాలి. మిగిలిన రెండెకరాలకీ పంపు నేనైనా వీపుకెత్తుకోవాలి, లేకపోతే వాటిని పురుగుకైనా వదిలేయాలి. మొదటి శీలానికి ఎదురుగా ఉన్న దారులు ఈ రెండే, మూడోది నేను కనిపెట్టాను, అది దారి కాదు. రెండిట్లో ఏది చేస్తానో ఇంకా తెలియదు. ఏది చేసినా అది నా చేతికి అంటుకోవాలి.

ఎస్తేరమ్మకి కూడా చెప్పేశాను. ఇంజను ఆగిందనీ, ఆగిందని తెలిసీ నేను కళ్ళు తెరవలేదనీ. ఆమె నా వైపు తిరిగింది. కొడుతుందేమో అనుకున్నాను, కొట్టినా బాగుండేది. తర్వాత ఎదురుగోడని చూస్తూ మాట్లాడింది.

"గాలి మీ వైపు తోలుతుందంట. మీరు కళ్ళు మూసుకుని ఉన్నారు, లెమ్మంటే చదువు చెడుద్దేమోనని గొట్టాన్ని ఎదురుగాలికి తిప్పి కొట్టాడంట. అదంతా వచ్చి ఆయన మొహానే పడింది. ఆటోలో చెప్పాడు, ఒక్కో ముక్కా."

 

పన్నెండున్నరకి నర్సు తలుపు తీసింది. సూదులకి విషం లొంగుతోంది, తెలివొచ్చింది, అయినా రెండు రోజులు చూస్తేగాని చెప్పలేం, ఒక్కొక్కళ్ళే వెళ్ళండి అంది. ఎస్తేరమ్మ వెళ్ళి చూసి, మొహం కడుక్కున్నదానిలా బయటికొచ్చి, మిమ్మల్ని పిలుస్తున్నాడు అంది. వెళ్ళాను. ఆదాం పెదాలు ఎండిపోయి ఉన్నాయి, కంటిపాపలు సూది మందుకి పెద్దవై నల్లగా ఉన్నాయి, నన్ను పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. వాడి చెయ్యి పట్టుకున్నాను. నాలుక తడుపుకుని, ఒక్కో మాటా కూడదీసుకుని అడిగాడు.

"మీ చదువు అయిందాయ్యా?"